నేను కొట్టేసిన రెండు పంక్తులు

రిటైరయ్యి తెనాలిలో మా ఇంటికి వచ్చేశాక చూసుకుంటే, ల్యాబ్ బీరువా తాళంచెవి నా సంచిలోనే ఉండిపోయింది. తిరిగి ఇచ్చేద్దామని రేపల్లె బస్సెక్కాను. బడిలో నా స్థానంలో వచ్చిన అమ్మాయి తాళంచెవి తీసుకుని, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి అడిగింది. "మేడం, కూలీల పిల్లల్ని, చెరువుగట్ల మీద ఉండే పిల్లల్ని సైన్సు వైపు ఎలా తిప్పారండి? ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కలో చెప్పగలిగితే అది నేర్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టేది కాదు. బస్సు టైమైందని తప్పించుకుని వచ్చేశాను. దారి పొడవునా ఆ అమ్మాయి మొహమే కళ్ళముందు ఆడింది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నా బదిలీలు, ఇంక్రిమెంట్లు, ఎన్నికల డ్యూటీలు ఉండవు. నేను చేసిన ఒక తప్పు, దాన్ని దేవుడు ఎవరి చేత దిద్దించాడు అన్నది మాత్రం ఉంటుంది.

కంఠత

మా అమ్మ తెనాలిలో మా సంఘానికి సువార్తికురాలు. తెల్లచీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని ఊరూరా నడిచేది. నాకు అక్షరాలకన్నా ముందు వాక్యాలు వచ్చాయి. ఆదివారం బడిలో కంఠత వాక్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. చేతులు కట్టుకుని నిలబడాలి. వాక్యం ఎక్కడిదో చెప్పాలి, వాక్యం చెప్పాలి, ఎక్కడిదో మళ్ళీ చెప్పాలి. మధ్యలో తడబడితే ఆగిన చోటి నుంచి అందుకోకూడదు. మొదటికి రావాల్సిందే. అలా నేర్చుకున్న వాక్యాలు నన్ను ఇప్పటికీ మోస్తున్నాయి. వాటిని తక్కువ చేయడం లేదు. నా పొరపాటల్లా, దేవుని మాట నేర్చుకోవడానికి పనికొచ్చిన పద్ధతి దేవుని సృష్టిని తెలుసుకోవడానికీ సరిపోతుందనుకోవడం.

మొదటి ఉద్యోగం బాపట్ల దగ్గర. సూర్యలంక వైపు పల్లెకారుల పిల్లలు చాలామంది మా బడికి వచ్చేవాళ్ళు. నేను వాళ్ళ చేత సైన్సు కంఠత పట్టించాను. అందరూ పాసయ్యేవారు, నాకు మంచి పేరొచ్చింది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన ముందు ఒక పిల్ల ఆటుపోట్లకు కారణం గడగడా చెప్పింది. ఆయన మెచ్చుకుని, "మీ ఊళ్ళో ఇవాళ సముద్రం ఎప్పుడు పొంగుతుందమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల తండ్రి రోజూ చేపల వేటకు వెళ్ళే మనిషి. ఆ పిల్ల నా వంక చూసి, "అది పాఠంలో లేదు సార్" అంది. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. పాఠం దాటి పోలేదని పైపెచ్చు గర్వపడ్డాను. సిగ్గుపడాలని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

శుక్రవారం ఆఖరి పీరియడు

తర్వాత రేపల్లె దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు వచ్చాను. కాపురమూ రేపల్లెలోనే. అక్కడి సంఘంలో ప్రార్థన కూటం చివర సాక్ష్యాలు చెప్పించేవారు. దేవుడు తన జీవితంలో ఏం చేశాడో లేచి చెప్పడం. ఒక ముసలి పెద్దాయన దాన్ని నడిపేవాడు, ఎవరినీ కథలు చెప్పనిచ్చేవాడు కాదు. ఒకామె పక్కింట్లో జరిగిన అద్భుతం మొదలుపెడితే, "నీకు జరిగింది చెప్పమ్మా, పక్కింటావిడది ఆవిడొచ్చి చెప్పుకుంటుంది" అని కూర్చోబెట్టేశాడు. అందరం నవ్వాం. నేను మాత్రం ఇంటికి నడుస్తూ ఆ మాటే తలుచుకున్నాను. సైన్సు కూడా ఇదే కదా. నువ్వు చూసింది చెప్పు, విన్నది చెప్పకు.

ఆ వారం నుంచే శుక్రవారం ఆఖరి పీరియడులో పుస్తకాలు మూయించాను. తను కళ్ళారా చూసిన సంగతి ఒకటి ఎవరైనా లేచి చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్నలడగాలి. దానికి సాక్ష్యం పీరియడని పేరు పెట్టాను. హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు పిలిపించారు. భట్టిప్రోలులో పొలమున్న మనిషి. పొద్దున చేలో తిరిగి, పంచె మార్చుకుని బడికొచ్చేవారు.

"సాక్ష్యం పీరియడంటున్నారంట పిల్లలు?"

"అవునండి."

"పేరు మార్చండమ్మా. ఇది గవర్నమెంటు బడి. రేపెవరో వచ్చి ఇక్కడ కూటాలు పెడుతున్నారంటారు. పీరియడు మాత్రం ఆపకండి, పిల్లలు నోరు విప్పుతున్నారు."

రెండు రోజులు మనసు కష్టపెట్టుకున్నాను. మూడో రోజుకు ఆయన మాటే సరైందని ఒప్పుకున్నాను. అన్ని ఇళ్ళ పిల్లలూ కూర్చునే గదికి నా ఇంటి పేరు పెట్టకూడదు. 'నేను చూసింది' అని మార్చాను. పై అధికారి మీ పనిలో తప్పు చూపించి, పనిని బతకనిస్తే ఆయన్ని మీ ప్రార్థనలో తలుచుకోండి. అలాంటివాళ్ళు తక్కువ.

పొగకుండ

ఆ పీరియడులో ఏడాది పాటు నోరు విప్పని పిల్ల నాగలక్ష్మి. చివరి వరసలో, గోడ పక్కన. కాలవ గట్టు మీద యానాదుల కాలనీ వాళ్ళది. పదో తరగతికి వచ్చాక ఒకరోజు నేను ఉష్ణం గురించి చెబుతూ, "పొగ ఎప్పుడూ పైకే పోతుంది" అన్నాను.

"కిందికి కూడా పంపొచ్చు టీచర్" అని వెనకనుంచి వినపడింది.

అందరూ తిరిగి చూశారు. "ఎలాగ?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. ముందు వరసలో ఒకడు, "ఎలకల్ని అడగండి టీచర్, అవి చెప్తాయి" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. వాణ్ణి కసిరాను కానీ, ఆమెను అక్కడే లేపి చెప్పించలేదు. మధ్యాహ్నం ల్యాబుకు పిలిచి చాటుగా అడిగాను. అప్పుడే మొదటి తప్పు చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

వాళ్ళ నాన్న పోలయ్య రైతుల చేలల్లో ఎలుకలు పడతాడు. కుండ అడుగున చిన్న రంధ్రం చేసి, కుండలో గడ్డి వేసి అంటిస్తాడు. కుండ మూతిని గట్టు మీది ఎలుక కలుగుకు ఆనించి, అడుగు రంధ్రం దగ్గర నోరు పెట్టి ఊదుతాడు. పొగ భూమిలోకి పోతుంది. ఇదంతా ఆ పిల్ల ఎంత చక్కగా చెప్పిందంటే, పీడనం గురించి అంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇది సైన్స్ ఫెయిర్‌కి చేద్దామా?" అన్నాను. వారంలో చేసింది. చెక్కపెట్టెకు ముందువైపు విరిగిన కిటికీ అద్దం బిగించి, లోపల మట్టి కూరి, అద్దం వెంట సొరంగాలు తొలిచింది. కుండలో పొగ పెడితే అది ఏ దారిన పోతుందో అద్దంలోంచి కనపడుతుంది. వివరణ నోటుపుస్తకంలో ఒక పేజీ రాసి తెచ్చింది.

నేను ఎర్ర పెన్ను తీశాను. 'ఎలుక కలుగు' ఉన్నచోటల్లా 'భూగర్భ మార్గం' అని రాశాను. పైన 'వాయు ప్రసరణ నమూనా' అని పేరు పెట్టాను. చివర్లో వాళ్ళ నాన్న గురించి రెండు పంక్తులుంటే అడ్డంగా కొట్టేశాను. ఫెయిర్‌లో ఎవరైనా నవ్వితే పిల్ల బాధపడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేమంటే, నవ్వితే నా బడిని చూసి నవ్వుతారని నా భయం.

అంతటితో ఆగలేదు. ఆ పేజీని సుహాసినికి ఇచ్చి కంఠత పట్టమన్నాను. సుహాసిని మా పాస్టరుగారి అమ్మాయి. గంట మోగినట్టు మాట్లాడుతుంది, ఆదివారం బడిలో ప్రతి ఏడూ ప్రైజు ఆమెదే. "నువ్వు కుండ చూసుకో, మాటలు సుహాసిని చెబుతుంది" అన్నాను నాగలక్ష్మితో.

"సరే టీచర్" అంది.

తెనాలిలో

సైన్స్ ఫెయిర్ తెనాలిలో. నేను చిన్నప్పుడు తిరిగిన వీధుల్లోనే. మా బల్ల దగ్గరికి న్యాయనిర్ణేతగా ఒక లెక్చరర్ గారు వచ్చారు. నాగలక్ష్మి పొగ పెట్టింది. సుహాసిని చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. సగంలో ఆయన చెయ్యెత్తి ఆపారు. "పొగ లోపలే ఉంటుందంటున్నావు. బయటికి ఇంకో దారి ఉంటే ఏమవుతుందమ్మా?"

సుహాసిని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఆయన అదే చోట అదే ప్రశ్న అడిగారు. ఆ పిల్ల మళ్ళీ "మా నమూనా పేరు" దగ్గరికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పిల్లకు అలా నేర్పిన ఆదివారం బడి టీచర్లలో నేనూ ఒకదాన్ని.

ఆయన ప్రశ్న మార్చారు. "సరే, ఈ నమూనా చేసిందెవరు?"

నాగలక్ష్మి కుండ పక్కన నిలబడి ఉంది. చేతులనిండా మసి. ఆ పిల్ల ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. ఎవరు చేశారు, ఎలా తెలుసు, వాళ్ళ నాన్న ఏం చేస్తాడు అన్న మాటలన్నీ వరసగా వస్తాయని నాకు అర్థమైంది.

"మా పిల్లలందరూ కలిసి చేశారండి" అన్నాను.

ఆయన తలూపి పక్క బల్లకు వెళ్ళిపోయారు.

తిరుగు బస్సులో సుహాసిని ఏడుస్తూనే ఉంది. నాగలక్ష్మి కుండను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం ప్రార్థనకు మోకరిస్తే, చలిమంట దగ్గర నిలబడి, తన ప్రభువెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు గుర్తొచ్చాడు. నాకు మూడుసార్లు కూడా అక్కర్లేకపోయింది.

చెరువు గట్టు

సోమవారం నాగలక్ష్మి బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. కాలనీకి వెళితే పాక తలుపుకు తాడు కట్టి ఉంది. రొయ్యల చెరువు కాపలాకు వెళ్ళారన్నారు. పదో తరగతి పరీక్షలు ముందున్నాయి. కాపలాకని గట్టెక్కిన పిల్లలు మళ్ళీ బడికి రావడం నేను అరుదుగా చూశాను. కోటేశ్వరరావు గారికి జరిగిందంతా చెప్పాను, తెనాలిలో నేనన్న మాటతో సహా. ఆయన వెంటనే లేచి, "ఆటో పిలిపించండి" అన్నారు. "ఆ పోలయ్య మా చేలో కూడా ఎలుకలకి బుట్టలు పెడతాడమ్మా."

చెరువు గట్టు మీద తాటాకు పాక ముందు పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"దండాలు బాబుగారు. అమ్మగారు, ఎండనపడి వచ్చారే."

"పిల్లని బడి మానిపించావంట?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"నేను మానిపించలా బాబూ. అదే పోనంది. పదో తరగతి దాకా వచ్చింది, మా ఆడోళ్ళలో అంత చదివినోళ్ళు లేరు. చాల్లే అనుకున్నా."

నాగలక్ష్మి నీళ్ళ ఒడ్డున మేత పళ్ళాలు కడుగుతోంది. నేను దిగి వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎందుకు రావట్లేదమ్మా?"

"ఊరికే టీచర్."

"నా మీద కోపమా?"

పళ్ళెం కడగడం ఆపలేదు. తలెత్తకుండానే అంది. "ఆ సారు అడిగింది నేను రాశాను టీచర్. మీరు కొట్టేశారు."

నాకు వెంటనే తట్టలేదు. ఆ పిల్లే అప్పజెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. "మా నాన్న ముందు రెండో కన్నం వెతుకుతాడు. అది మూయకుండా పొగ పెడితే పొగా పోతుంది, ఎలుకా పోతుంది."

ఆ లెక్చరర్ గారు రెండుసార్లు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. నా ఎర్ర సిరా కింద ఉంది.

"తప్పు చేశాను నాగలక్ష్మీ" అన్నాను. "చేసిందెవరని ఆయన అడిగినప్పుడు నీ పేరు చెప్పాలి. సిగ్గుపడ్డాను."

అప్పుడు తలెత్తి చూసింది. "మీకెందుకు సిగ్గు టీచర్? పట్టేది మేం కదా."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అంత సూటిగా తిట్టలేదు. ఆ పిల్ల తిట్టలేదు కూడా, నిజంగానే అర్థంకాక అడిగింది.

కడగాల్సిన పళ్ళెం ఒకటి నేనూ అందుకుని, "రెండో కన్నం ఎలా కనిపెడతారో నాకు చూపిస్తావా?" అన్నాను.

చెరువు దాటి వరిచేను గట్టు మీదికి తీసుకెళ్ళింది. వెనక హెడ్మాస్టరు గారు పంచె ఎగగట్టి, ఆయన వెనక పోలయ్య. కలుగు ముందు కన్నం నాకూ కనపడింది. రెండోది కనపడలేదు. "పైకి ఉండదు టీచర్. లోపల్నించి తవ్వుకొచ్చి, పైన పల్చగా మట్టి వదిలేస్తది. ఆపదొస్తే తలతో పొడుచుకుని పోద్ది. మోకాళ్ళ మీద కూర్చోండి. అరచేత్తో ఒత్తుకుంటా రండి." కూర్చున్నాను. గట్టు గట్టిగా ఉంది, గట్టిగా ఉంది, ఒకచోట అప్పడంలా విరిగి నా వేళ్ళు లోపలికి దిగిపోయాయి. చల్లటి గాలి తగిలింది.

"పుట్టిందగ్గర్నుంచి ఈ గట్ల మీదే తిరుగుతున్నాను. పోలయ్య ఏదో మంత్రం వేస్తాడనుకున్నాను" అన్నారు హెడ్మాస్టరు గారు.

"మంతరమొస్తే ఇట్టా పాక్కుంటా తిరిగేవోణ్ణా బాబూ" అన్నాడు పోలయ్య.

ఆయన నవ్వి, "మా చేలో కన్నం ఫలానా చోట ఉందని నువ్వంటే నేనెప్పుడన్నా కాదన్నానా?" అన్నారు.

"లేదు బాబూ."

"మరి నీ కూతురి చదువు సంగతి మేం చెబితే నువ్వు నమ్మవా?"

"నన్నడుగుతారేంటి బాబూ. దాన్నడగండి."

నాగలక్ష్మి నా వంక చూసింది. "శుక్రవారం నేను చెప్పొచ్చా టీచర్? ఎలకలనే చెప్తా. భూగర్భ మార్గమని చెప్పను."

ఆ శుక్రవారం చెప్పింది. కుండ చేతిలో పట్టుకుని, బోర్డు ముందు నిలబడి, నాన్న పేరుతో మొదలుపెట్టింది. ఇదివరకు వెక్కిరించినవాడే ముందు చెయ్యెత్తాడు. మళ్ళీ కసరాల్సి వస్తుందేమోనని ముందుకు అడుగేశాను. వాడు అడిగింది, "మరి లోపల పాముంటే?"

"అందుకే చెయ్యి పెట్టేముందు పొగ పెడతారు" అంది. ఆ తర్వాత సుహాసిని లేచింది. "గడ్డి తడిగా ఉంటే పొగ ఎక్కువొస్తుందా?" అని అడిగింది. అది ఏ పేజీలోనూ లేని ప్రశ్న. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. దేవునికి నేను చేసిన స్తోత్రాల్లో పెద్దది ఆ సాయంత్రం చేసిందే.

మీకు చెప్పాల్సిన కొన్ని సంగతులు

పిల్లల్ని సైన్సు వైపు తిప్పడానికని పెద్ద పెద్దవాళ్ళను బడికి తీసుకొస్తారు. నేనూ తెచ్చాను. విజయవాడ నుంచి ఒక ఇంజినీరు గారు వచ్చి, కలలు కనమని గంటసేపు చెప్పారు. చివర్లో ప్రశ్నలడగమంటే ఒక పిల్ల, "సార్, మీరు మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటారు?" అంది. అందరూ నవ్వారు. అది తెలివైన ప్రశ్న. ఆ చోట తనలాంటిది కూర్చుని తినగలదా అని అడుగుతోంది. తర్వాత నుంచి మా బడిలోనే చదివి కరెంటు సబ్‌స్టేషన్లో, ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నవాళ్ళను పిలిచాను. వాళ్ళు తడబడుతూ మాట్లాడేవారు. పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవారు.

ఈ పిల్లలకు సైన్సు కొత్తగా ఇవ్వాల్సింది కాదు. చాలామంది ఇళ్ళలో ముందే ఉంది. మనం దానికి వేరే పేరు పెట్టి, వాళ్ళది కాదనిపించి, మళ్ళీ వాళ్ళకే ఇవ్వబోతాం. పుస్తకంలో మాట నేర్పకూడదని కాదు. పీడనమన్న మాట రాకపోతే పరీక్ష పాసవ్వరు. ముందు వాళ్ళ మాట రాయనివ్వండి, దాని పక్కన పుస్తకం మాట రాయండి. వాళ్ళ మాటను కొట్టేయకండి. పిల్ల మానేస్తే కబురు పంపి ఊరుకోకండి, వెళ్ళండి. వెళ్ళినప్పుడు తప్పు మీదైతే ఒప్పుకోండి. టీచరు ఒప్పుకుంటే అలుసైపోతామని నాకు సీనియర్లు చెప్పారు. అది అబద్ధం.

ఆమె కొట్టేసింది

నాగలక్ష్మి పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. ఇప్పుడు హైదరాబాదులో, ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లకు గాలి గొట్టాలు బిగించే కంపెనీలో పనిచేస్తోంది. ఉద్యోగంలో చేరిన నెలలోనే ఫోను చేసింది. "టీచర్, ఇక్కడ కూడా పొగే పెడుతున్నారు, గొట్టం ఎక్కడ కారుతుందో చూడ్డానికి. మిషన్‌తో పెడతారులెండి. కన్నం మాత్రం నేనే ముందు కనిపెట్టా."

నా రిటైర్‌మెంటు సభకు సెలవు పెట్టి వచ్చింది. కోటేశ్వరరావు గారు చేతికర్రతో వచ్చి ముందు కూర్చున్నారు. శాలువాలు, పొగడ్తలు అయ్యాక ఆమె లేచింది. "నేను చూసింది చెప్తాను" అంది.

"మా టీచరు చీరకు మట్టవుతుందని కూడా చూసుకోకుండా చేను గట్టు మీద మోకాళ్ళేసి, నన్ను నేర్పమని అడిగారు. నాకు చదువొచ్చని నాకు ముందే తెలుసు. మా నాన్నకు కూడా వచ్చని ఆ రోజే తెలిసింది."

అంతే చెప్పి కూర్చుంది. తెనాలి సంగతి ఎత్తలేదు. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి అడిగాను, "ఫెయిర్‌లో నేనన్నమాట చెప్పలేదేమ్మా?"

నవ్వింది. "ఆ రెండు పంక్తులు నేను కొట్టేశాను టీచర్."

నేను సిగ్గుతో కొట్టేశాను, ఆమె దయతో కొట్టేసింది. కృప అన్న మాట చిన్నప్పటినుంచి కంఠతా వచ్చు. దాన్ని కళ్ళారా చూసింది ఆ టీ గ్లాసుల దగ్గరే. కానీ సాక్ష్యం అన్నాక పూర్తిగా చెప్పాలి. అందుకే ఆమె వదిలేసింది ఇక్కడ రాసిపెడుతున్నాను.

తెనాలిలో ఆ రోజు నన్నడిగిన లెక్చరర్ గారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. ఇది ఎప్పుడైనా ఆయన కంటపడితే, మీ ప్రశ్నకు నా జవాబు ఇది సార్: ఆ నమూనా చేసింది నాగలక్ష్మి అండి. పోలయ్య గారి అమ్మాయి.